ప్లేటు మీద లేని పేర్లు

2023 మార్చి 13, సోమవారం పొద్దున. ఫిల్మ్‌నగర్‌లో నేను రోజూ టీ తాగే కొట్టు. గోడకు బిగించిన చిన్న టీవీలో ఆస్కార్ వేడుక వస్తోంది. షూటింగ్ బండి కోసం నిలబడ్డ లైట్‌మెన్, ఇద్దరు డ్రైవర్లు, మేకప్ డబ్బా చేతిలో పట్టుకున్న ఒకావిడ, నేను, అందరం తలలెత్తి చూస్తున్నాం. ‘నాటు నాటు’ పేరు చదవగానే కొట్లో ఈలలు మోగాయి. కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. కీరవాణి మైకు ముందుకొచ్చి, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని, ఇవాళ ఆస్కార్లతో ఇక్కడున్నానని చెప్పారు. ఆ తర్వాత వాళ్ల పాట వరసలోనే తన మాటలు కట్టుకుని నాలుగు ముక్కలు పాడారు.

నా పక్కన నిలబడ్డతను సెట్లు వేసే వడ్రంగి. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల స్టూడియోల్లో చెక్కతో కోటలు కట్టి, షూటింగ్ అయిపోయాక తన చేతులతోనే విప్పేసినవాడు. అతని మొహం వెలిగిపోయింది.

“విన్నారా సార్? కార్పెంటర్లని తల్చుకున్నాడు” అన్నాడు.

అది ఒక పాటల జంట పేరని, అమెరికాలో అన్నా చెల్లెలు కలిసి పాడేవాళ్లని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాను. అతను కాసేపు టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

“ఎవరైతేనేం సార్. చిన్నప్పుడు విన్నవాళ్లని అంతమందిలో మర్చిపోలేదు. అది గొప్ప” అన్నాడు.

అతనొక్కడే కాదు, ఆ రోజు చాలామంది ఆ మాటను అలాగే విన్నారు. అయినా నాకు ఆ ఉదయం రెండు రకాలుగా మనసులో నిలిచిపోయింది. ఒకటి, గోదావరి ఒడ్డున కొవ్వూరులో 1961లో పుట్టిన మనిషి, జీవితంలో అంత పెద్ద బహుమతి చేతిలో ఉన్న క్షణాన, కౌమారంలో విన్న రికార్డుల వాళ్ల పేరు చెప్పడం. రెండు, తన పని పేరు ఆ వేదిక మీద వినబడిందనుకుని ఒక వడ్రంగి పొందిన ఆనందం. పాట గురించి నేను ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయిన సంగతేదో ఈ రెండింటి మధ్యే ఉందనిపించింది.

రిచర్డ్, కారెన్ కార్పెంటర్ 1970లలో వెలిగిన జంట. అన్న పియానో వాయించి, పాటకు వాద్యాల కూర్పు చేసేవాడు. చెల్లెలు డ్రమ్స్ వాయిస్తూ పాడేది. కారెన్‌ది మంద్రంగా, చెవి దగ్గర మాట్లాడుతున్నట్టుండే గొంతు. 1973లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికెక్కిన ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ వరసనే కీరవాణి ఆస్కార్ వేదిక మీద అందుకున్నారు. కారెన్ 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె పోయిన నలభై ఏళ్లకు ఒక తెలుగు సంగీత దర్శకుడి నోట ఆమె పాట వరస పలికింది. దీన్ని జ్ఞాపకం అంటే చాలదు. ఇది రుణం తీర్చుకోవడం.

*

నేను పాటకు పడ్డ రుణం రాజోలు దగ్గర మా మావయ్య ఇంట్లో మొదలైంది. ఆయనకు మైకు సెట్టు ఉండేది. ఒక ఆహుజా ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు, రికార్డు ప్లేయరు, చెక్కపెట్టె నిండా ప్లేట్లు. రికార్డులని మా వైపు ఎవరూ అనేవాళ్లు కాదు, ప్లేట్లే. ఒక్కో వైపు మూడు నిమిషాల ఒక్క పాట పట్టే పాత బరువు ప్లేట్లు, తర్వాత వచ్చిన చిన్న ప్లేట్లు, సినిమా మొత్తం పాటలుండే పెద్ద ప్లేట్లు. చాలావాటి మధ్యలో గ్రామఫోను ముందు కూర్చుని వింటున్న కుక్క. అందుకే ఆ కంపెనీకి మా ఊళ్లో కుక్క బొమ్మ కంపెనీ అనే పేరు.

పెళ్లి ఉందంటే ముందురోజు సాయంత్రమే గొట్టాలు కొబ్బరి చెట్లకు ఎక్కేవి. చెట్టెక్కే పని వేరే మనిషిది, కింద నిలబడి తీగ అందించే పని నాది. తొలి పాట దేవుడిది. ఆ తర్వాత ఊరు అడిగిన పాట. ముల్లు ప్లేటు మీద దించే ముందు మావయ్యకు ఒక అలవాటుండేది. ప్లేటును లాంతరు దగ్గర పెట్టి, మధ్యలో కాగితం మీదున్న అక్షరాలన్నీ మైకులో చదివేవాడు. చిత్రం పేరు, రాసినవారు, స్వరం కట్టినవారు, పాడినవారు. ఘంటసాల అని చదివేటప్పుడు ఆయన గొంతులో మా ఊరి పెద్ద పేరు చదువుతున్నంత మర్యాద ఉండేది. “వాళ్ల కష్టం మనం ఊరికే వింటున్నాం. పేరన్నా చదవకపోతే ఎలారా?” అనేవాడు.

నాకు పదేళ్లప్పుడు ఒక రాత్రి ఒక పాట మధ్యలో వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట, చరణానికీ చరణానికీ నడుమ వచ్చే ముక్క అది. నా ఒళ్లు జలదరించింది. “మావయ్యా, ఆ వయొలిన్ వాయించిందెవరు?” అని అడిగాను. ఆయన ప్లేటు తీసి, కాగితం మొత్తం చదివి, వెనక్కి తిప్పి రెండో వైపూ చదివి, చివరికి అన్నాడు:

“రాయలేదురా.”

ఆ ఒక్క మాట చెబుతున్నప్పుడు మావయ్య మొహంలో కనబడిన చిన్నతనం నాకింకా గుర్తుంది. తప్పు ఆయనది కాదు. ఆయన చదవడానికి అక్కడ పేరు లేదు.

*

తర్వాత నాలుగైదేళ్లకు, ఎండాకాలం సెలవుల్లో, మా వీధిలో గల్ఫ్ వెళ్లొచ్చినాయన టూ-ఇన్-వన్ తెచ్చాడు. దానితోపాటు నాలుగు క్యాసెట్లు. అందులో ఒకటి బోనీ ఎమ్. మావయ్య ఆ పెట్టె తెచ్చి ఆంప్లిఫయరుకు తీగ కలిపాడు. ఆ సాయంత్రం కొబ్బరి చెట్ల మీంచి ‘డాడీ కూల్’ ఊరంతా వినబడింది. ఒక్క ముక్క అర్థమైనవాడు లేడు, కాలు కదపని పిల్లాడూ లేడు. మావయ్య క్యాసెట్ అట్ట నా చేతికిచ్చి, ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనే కాబట్టి పేర్లు మైకులో చదవమన్నాడు. చదివాను. అట్ట మీద ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగాయన. పాడింది వాళ్లేనని ఊరంతటికీ నేనే చెప్పాను.

నిజం చాలా ఏళ్లకు తెలిసింది. బోనీ ఎమ్‌ను తయారుచేసింది ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మన్ నిర్మాత. వేదిక మీద గంతులేసే బాబీ ఫారెల్ పెదవులు కదిపేవాడు, రికార్డులో ఆ మగగొంతు ఫారియన్‌ది. ఆడవాళ్లలోనూ రికార్డుల్లో పాడింది ఇద్దరే. అదే ఫారియన్ తర్వాత మిల్లీ వనిల్లీ అనే జంటను తెచ్చాడు. ఆ ఇద్దరికీ 1990లో గ్రామీ ఇచ్చారు. వాళ్లు అసలు పాడనేలేదని అదే ఏడాది బయటపడి గ్రామీ వెనక్కి తీసుకున్నారు. అక్కడ అది మోసం.

ఇది చదివినప్పుడు నాకు మన పద్ధతి మీద గౌరవం పెరిగింది. రామారావు పెదవుల మీద ఘంటసాల గొంతు పలికితే మనం మోసపోయామనుకోలేదు. ఇద్దరినీ నెత్తిన పెట్టుకున్నాం. ఒకరి రూపానికి ఇంకొకరి గొంతు అరువివ్వడాన్ని మనం దాచలేదు, ప్లేటు మీద అచ్చువేశాం. కారణం ఒక్కటే: గొంతు ఎవరిదో పేరు చెప్పాం. పేరు చెప్పాక అది మోసం కాదు, కళ.

అయితే ఆ పేరైనా మొదటి నుంచీ ఉన్నది కాదు. 1949లో ‘మహల్’ హిందీ సినిమా పాట దేశమంతా మోగినప్పుడు రికార్డు మీద గాయని పేరు కామిని అని ఉంది. అది సినిమాలో పాత్ర పేరు. శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాసి, పాడిందెవరో చెప్పమని అడిగారు. అప్పుడు లతా మంగేష్కర్ అనే పేరు బయటికొచ్చింది. ఈ సంగతి నేను ఎప్పుడూ గుర్తుపెట్టుకుంటాను. గాయనీ గాయకులకు పేరు దక్కడంలో కంపెనీల దయ కంటే వినేవాళ్ల పట్టుదల పాలు ఎక్కువ.

కానీ గొంతు దగ్గరే మనం ఆగిపోయాం. వాయించే చేతుల దాకా వెళ్లలేదు.

*

మన చిన్నప్పటి హిట్ పాటల బ్యాండ్లు ఏవని ఎవరైనా అడిగితే మనవాళ్లు తడుముకుంటారు. మా పల్లెల్లో బ్యాండ్ అంటే పెళ్లి బ్యాండే. ఎర్ర కోట్లు, క్లారినెట్టు, ట్రంపెట్టు, పెద్ద డ్రమ్ము మీద ఊరి పేరు. ఆడే సినిమా పాటనల్లా వారం తిరక్కుండా వీధిలోకి తెచ్చినవాళ్లు వాళ్లే. ఇక కార్పెంటర్స్ లాగా నలుగురు కూడి పాట కట్టుకుని పాడే బృందం మనకు లేదనుకుంటాం. ఉండేది. సినిమా మాటున ఉండేది.

బాలసుబ్రహ్మణ్యం మద్రాసు తొలి రోజుల్లో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపారు. హార్మోనియం అనిరుద్ధ, గిటారు ఇళయరాజా, గిటారు మీద గంగై అమరన్ కూడా, తాళవాద్యాల మీద భాస్కర్. ఆ బృందంలో ఒకరు దేశం మెచ్చిన గాయకుడయ్యారు, ఇంకొకరు మన సినిమా సంగీతం నడకనే మార్చారు. అదే ఇంకో దేశంలో జరిగితే ఆ నలుగురైదుగురి ఫొటో గోడల మీద పోస్టరయ్యేది.

రాజ్-కోటి మాటేమిటి? టి.వి. రాజు కొడుకు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి. తండ్రులిద్దరూ వేరువేరుగా తెలుగు పాటను ఏలినవాళ్లు. కొడుకులిద్దరూ చక్రవర్తి దగ్గర పని నేర్చుకుని, జంటగా ‘యముడికి మొగుడు’, ‘ముఠామేస్త్రి’, ‘హలో బ్రదర్’ లాంటి సినిమాలకు పాటలిచ్చారు. ఆ పదేళ్లూ ఆంధ్రదేశంలో ఏ టీకొట్టు ముందు నిలబడినా వినబడింది ఆ జంట దరువే. వాళ్ల రికార్డింగుల్లో కీబోర్డు వెనక కూర్చున్న కుర్రాళ్లలో ఒకరు దిలీప్. రోజా తర్వాత లోకం ఆయన్ని ఏ.ఆర్. రెహమాన్ అని పిలిచింది. ఇంకొకరు మణిశర్మ, సినిమా వయొలినిస్టు కొడుకు. కోటికి జోడీ అయిన రాజ్ 2023 మే 21న వెళ్లిపోయారు. ఆ జంట మన కార్పెంటర్స్ కాదా? కీరవాణి కూడా చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేసినవారే. ఒక్క గదిలోంచి ఇంతమంది!

*

నేను 1993లో కృష్ణానగర్ చేరాను. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే పని. అప్పటికి సినిమా తీసేవాళ్లు చాలావరకు హైదరాబాద్ వచ్చేశారు. అక్కినేని అన్నపూర్ణ స్టూడియో 1975లో మొదలైంది. తర్వాత కృష్ణ పద్మాలయా, కొండ మీద రామానాయుడు స్టూడియో. జూబ్లీహిల్స్ బండరాళ్ల మీద ఇళ్లు లేస్తున్నాయి. పెద్దమ్మ గుడి మలుపులో ఇంకా చీకటి ఉండేది. అన్నీ వచ్చినా పాట మాత్రం మద్రాసులోనే మిగిలిపోయింది. ఎందుకంటే వాయించే చేతులు వడపళనిలో, సాలిగ్రామంలో ఉన్నాయి. కెమెరాను లారీలో వేసుకుని రావచ్చు. నలభైమంది వయొలిన్ కళాకారుల కుటుంబాలను, పిల్లల బళ్లతో సహా, ఎవరు తేగలరు? అందుకే ఫిల్మ్‌నగర్‌లో ఉన్న నిర్మాత పాట రికార్డింగ్ అంటే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడు. పాట హైదరాబాద్ చేరేసరికి కీబోర్డు వచ్చి, ఆ నలభైమంది అవసరం తీరిపోయింది.

వాళ్లలో ఒక పెద్దాయన ఇప్పుడు మా వీధిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. రాజమండ్రిలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో వయొలిన్ పెట్టె పట్టుకుని మద్రాసు వెళ్లినవారు. వయసు 81. ఆయన్ని నేను మేష్టారు అంటాను. టీకొట్లో పాత పాట వస్తే ఆయన ఎడమచేతి వేళ్లు బల్ల మీద వాటంతటవే కదులుతాయి. చరణాల మధ్య ముక్క రాగానే తలెత్తి, “ఈ ఇంటర్‌లూడ్‌కి పదహారుమందిమి. నేను మూడో వరస” అంటారు. ఎన్నో ఏళ్ల కిందటి కాల్షీటు ఆయనకు నిన్నటి సంగతి.

ఆ రోజుల్లో అంతా ఒకేసారి వాయించాలి. పాడేవారు ఒక అద్దాల గదిలో, తబలాకు ఒక తడిక అడ్డు, మిగతావాళ్లంతా హాల్లో. ముక్కలు ముక్కలుగా అతికించే వీలు లేదు. ఆఖరి చరణంలో ఒక్క వేలు జారితే మొదటి నుంచీ మళ్లీ. అందుకే ఒకరి తప్పు నలభైమంది చెమట. ఒకరి సరైన స్వరం కూడా నలభైమంది ఊపిరే. ఉదయం సంగీత దర్శకుడు నొటేషన్ ఇస్తే, అప్పుడే చూసి, అప్పుడే వాయించి, కాల్షీటు అయ్యాక కవరులో డబ్బు తీసుకుని ఇంటికి. ఆ పాట ఏ సినిమాలోదో, తెర మీద ఎవరు ఆడారో చాలాసార్లు వాళ్లకు రేడియోలో విన్నాకే తెలిసేది.

“మీకు బాధ లేదా మేష్టారూ, పేరు లేదని?” అని ఒకసారి అడిగాను.

“అప్పుడు లేదు నాయనా. పనుంది, అన్నముంది. ఇప్పుడే కొంచెం. మా మనవడు ఫోన్లో ఆ పాట పెట్టి, తాతయ్యా నువ్వెక్కడున్నావు ఇందులో అంటాడు. నేను చెప్పింది వాడు నమ్మాలి, అంతే. చూపించడానికి ఏమీ లేదు.”

మావయ్య ప్లేటు తిప్పి చూసిన రాత్రి నాకు మళ్లీ కళ్లకు కట్టింది. యాభై ఏళ్ల తర్వాత, అదే ప్రశ్న, అదే జవాబు.

*

పేరుంటే ఏమవుతుంది? 2025 సంక్రాంతికి మా ఇంట్లోనే చూశాను. ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమాలో ‘గోదారి గట్టు’ పాట మొదటిసారి ఫోన్లో మోగినప్పుడు, వంటింట్లోంచి మా ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చి, “రమణ గోగుల!” అంది. ఎన్నో ఏళ్లుగా సినిమాల్లో వినబడని గొంతు. ఒక్క పలుకులో పోల్చుకుంది. రమణ గోగుల పాప్ ఆల్బమ్‌తో మొదలై సినిమాకు వచ్చినవారు. 1998లో వెంకటేశ్ ‘ప్రేమంటే ఇదేరా’తో సంగీత దర్శకుడయ్యారు. మరుసటేడు ‘తమ్ముడు’ క్యాసెట్ మా కృష్ణానగర్ గదుల్లో అరిగిపోయేదాకా తిరిగింది. ఆ అట్ట మీద ఆయన పేరుంది. అందుకే ఇన్నేళ్లకు భీమ్స్ సిసిరోలియో స్వరంలో, మధుప్రియ పక్కన, మళ్లీ వెంకటేశ్ సినిమాలోనే ఆ గొంతు వినబడగానే తెలుగు దేశం చుట్టాన్ని పిలిచినట్టు పేరు పెట్టి పిలిచింది.

పేరున్న గొంతు తిరిగి రాగలదు. పేరు లేని కమాను తిరిగి రాలేదు. వచ్చినా ఎవరూ పోల్చుకోలేరు.

ఇది కేవలం మర్యాద సంగతి కాదు, హక్కు సంగతి కూడా. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ హక్కు గట్టిపడింది. అది మంచి పని. అదే సవరణలో ఇంకో మాట ఉంది. సినిమాలో ఏదో కొంత అనుకోకుండా పాలుపంచుకుని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిళ్లతో సహా ఎక్కడా పేరు పడని వ్యక్తిని, తన ప్రదర్శనను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కుకు తప్ప, మిగతా విషయాల్లో కళాకారుడిగా లెక్కించనక్కర్లేదని. మూడో వరస వయొలిన్ ఆ మాట కిందికి వస్తుందో రాదో న్యాయవాదులు తేల్చాలి. నాకు అర్థమైంది ఇంతే: పేరు పడటమా, పడకపోవడమా అన్నది చట్టం దృష్టిలో కూడా చిన్న విషయం కాదు.

వేరే దారి ఉందని చూపించినవారూ ఉన్నారు. కారెన్ తానే డ్రమ్స్ వాయించేదైనా, కార్పెంటర్స్ రికార్డుల్లో చాలావాటికి హాల్ బ్లెయిన్ డ్రమ్స్ వాయించాడు, జో ఆస్బోర్న్ బేస్ గిటారు వాయించాడు. లాస్ ఏంజెలెస్‌లో ఇలా ఎందరి పాటలకో వాయించి, చాలాకాలం పేరు పడని ఆ కళాకారులను ‘రెకింగ్ క్రూ’ అంటారు. వాళ్లలో గిటారు వాయించిన టామీ టెడెస్కో కొడుకు డెన్నీ ఏళ్ల తరబడి తిరిగి, బతికున్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, 2008లో ఒక డాక్యుమెంటరీగా చూపించాడు. ఒక్క కొడుకు తలపెట్టిన పనితో ఆ చేతులకు పేర్లు వచ్చాయి. మన దగ్గర రెహమాన్ సొంతంగా పాటలు చేయడం మొదలుపెట్టాక క్యాసెట్ అట్ట మీద వేణువు ఎవరు, గిటారు ఎవరు, మిక్సింగ్ ఎవరు అని వాయించినవాళ్ల పేర్లు అచ్చువేయించారు. కీబోర్డు వెనక పేరు లేకుండా కూర్చున్నవాడికే ఆ పేరు విలువ తెలుస్తుంది. ఇవాళ కొత్త పాట యూట్యూబ్‌లో పెడితే కింద వాయించినవాళ్ల జాబితా కనబడుతోంది. ఆ చిన్న అక్షరాలను నేను మావయ్య లాగే మొత్తం చదువుతాను. కానీ పాత పాట పెట్టినప్పుడు హీరో పేరు, గాయకుల పేరు దాటి కిందికి వెళ్తే ఖాళీ.

*

ఇదంతా రాస్తానని మేష్టారికి చెప్పి, ఆయన పేరు వేస్తానన్నాను. ఆయన చేతులు అడ్డంగా ఊపారు.

“నా ఒక్కడిదీ వేయకు నాయనా. నా పక్కన కూర్చున్నవాడు ఏమైపోవాలి? మేమంతా ఒకే కమాను లాగినట్టు లాగాలని నేర్పారు మాకు. వేస్తే అందరివీ వేయి. లేకపోతే వద్దు.”

అందుకే ఈ వ్యాసంలో ఆయన పేరు లేదు. నాకు అది లోటుగానే ఉంది. ఆయన మాట కాదనడానికి మాత్రం మనసు రాలేదు.

ఆస్కార్ తర్వాత కొద్దిరోజులకే ఒక సంగతి జరిగింది. రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో పియానో దగ్గర కూర్చుని, అదే పాటను మాటలు మార్చి, కీరవాణికీ చంద్రబోస్‌కూ అభినందనగా పాడి, వీడియో పెట్టారు. ఆస్కార్ హడావిడి అంతటా నిబ్బరంగా ఉన్న తన అన్న కీరవాణి ఆ పాట చూడగానే కన్నీళ్లు ఆపుకోలేకపోయాడని దర్శకుడు రాజమౌళి రాశారు. బహుమతి తేలేని కన్నీటిని ఆ చిన్న పాట తెచ్చింది. పేరు పెట్టి తల్చుకుంటే అవతలి నుంచి జవాబు వస్తుంది, అదీ ఆ మనిషి బతికుండగా తల్చుకుంటేనే. రిచర్డ్ ఉన్నారు కాబట్టి పాడారు. కారెన్ ఆ మాట వినలేకపోయింది.

మద్రాసు హాళ్లలో వాయించినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. కొందరు వడపళనిలో, కొందరు విజయవాడలో, కొందరు ఫిల్మ్‌నగర్ సందుల్లో కొడుకుల ఇళ్లల్లో. పాత పాటలను మళ్లీ మళ్లీ అమ్ముకునే కంపెనీలు తలచుకుంటే, పాత కాల్షీటు లెక్కలు వెతికితే, యూనియన్ పెద్దలను కలిస్తే, ఒక్కో పాట కింద పది పేర్లన్నా చేర్చవచ్చు. అవి కదిలే దాకా మనం ఆగనక్కర్లేదు. లత పేరు శ్రోతల ఉత్తరాలతో వచ్చింది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒకప్పుడు వయొలిన్, తబలా, క్లారినెట్టు, వేణువు వాయించిన పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. ఒక పాట పెట్టండి. ఇందులో మీరెక్కడ, మీ పక్కన ఎవరు, ఆ రోజు ఏ థియేటరు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాయండి.

మేష్టారు ఒప్పుకున్న షరతు ఇదే, అందరివీ రాయాలని. పోయిన నెల నుంచి వారానికి రెండు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుంటున్నాను. ఒక్కో పాట పెడుతున్నాం, వరస వారీగా రాసుకుంటున్నాం. ఇప్పటికి నా నోటుబుక్కులో 43 పేర్లున్నాయి. మీకు తెలిసినవి మీరు రాయండి.